దీవెనకి రెండు చేతులు

"మళ్ళీ అన్నారు," అంది నీమియా.

ఎవుసేబియా నాలిక కరుచుకుంది. ఆమె కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఈ ఆఫీసుకి రావడం మొదలుపెట్టినప్పటి నుంచి ఏ కుర్చీలోనూ వెనక్కి ఆనుకుని కూర్చోలేదు. ఎవరైనా కేక వేస్తే వెంటనే లేవడానికి వీలుగా, సగం కాళ్ళ మీదే ఉన్నట్టు కూర్చుంటుంది.

"ఏమన్నాను డాక్టోరా?"

"మద్రీనా అన్నారు. జడ్జిగారి ముందు ఆ మాట రాకూడదని పొద్దుటి నుంచీ చెబుతున్నాను. యజమానురాలు అనాలి. ఏదీ, అనండి."

"యజమానురాలు."

"ఆ. ఇప్పుడు చెప్పండి. పొద్దున్నే లేవగానే ఏం చేసేవారు?"

"లేవగానే పొయ్యి వెలిగించి, పంచదార మాడ్చి, పాలు పోసి, మద్రీనాకి కొసీదో కాచి..."

నీమియా కలం బల్ల మీద పడేసింది. ఎవుసేబియా ఆ కలం దొర్లి కింద పడకుండా పట్టుకుని, మూత పెట్టి, కాగితాల పక్కన తిన్నగా ఉంచింది. తర్వాత చిరాకుగా ఉన్న డాక్టోరా ముఖం చూసి, చేతికేదీ దొరకక, బల్ల అంచున ఉన్న దుమ్ము అరచేత్తో తుడిచింది.

మందుల షాపు మీద ఒకే గది ఆ ఆఫీసు. కిటికీ తీస్తే ఉత్తరం నుంచి వచ్చే వేడిగాలి, మూస్తే ఉడుకు. దేశ రాజధాని అసున్సియోన్‌లో ఆ గాలి వీచిన రోజున మొగుడూ పెళ్ళాలు ఊరికే తగువులాడుకుంటారు, బస్సు డ్రైవర్లు ఊరికే హారన్ కొడతారు. ఆ వారమంతా అదే గాలి.

ఎవుసేబియా పాలపళ్ళు ఊడే వయసులో పల్లె నుంచి దోన్యా పెర్లా ఇంటికి వచ్చింది. ఆవిడే దగ్గరుండి జ్ఞానస్నానం చేయించి, మద్రీనా, అంటే జ్ఞానతల్లి అయింది. పెంచుకుంటాం, చదివిస్తాం అని చెప్పి తెచ్చిన అలాంటి పిల్లని ఆ దేశంలో క్రియాదా అంటారు. ఎవుసేబియా తల నెరవడం మొదలయ్యేదాకా ఆ ఇంట్లోనే వండింది, ఉతికింది, తుడిచింది. నిరుడు పెద్దకొడుకు ఇల్లు అమ్మేసి తల్లిని అపార్ట్‌మెంట్‌కి మార్చాడు. ఎవుసేబియాతో, ఇక మీ ఊరు వెళ్ళమన్నాడు. ఊళ్ళో ఆమెని గుర్తుపట్టేవాళ్ళే మిగలలేదు. బజార్లో చీపా రొట్టెలమ్మే న్యా దోమింగా, తన పొయ్యి వెనక గదిలో ఆమెకి చోటిచ్చి, లాయరైన తన కూతురికి అప్పగించింది. ఆ కూతురే నీమియా. అక్కడ లాయర్లని డాక్టర్, డాక్టోరా అనే పిలుస్తారు.

ఎవుసేబియా చేసింది పని అని కోర్టు ఒప్పుకుంటే ముసలితనంలో పింఛను వస్తుంది. పని కాదు, ఇంట్లో పిల్లగా చేసిన సాయం అంటే ఏమీ లేదు. ఎదుటివాళ్ళ వాదన అదే: కూతురిలా పెంచాం, కూతురిలా సాయం చేసింది.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. డాక్టర్ ఇసాసి, చంకలో చల్లనీళ్ళ ఫ్లాస్కు, చేతిలో ఎద్దుకొమ్ము గ్లాసుతో లోపలికి వచ్చాడు. ఆయనకి అరవై దాటాయి. ఇలాంటి కేసులకే జీవితమంతా ధారపోసి, అందులో సగానికి పైగా ఓడిన మనిషి. గ్లాసు బల్ల మీద పెట్టాడో లేదో ఎవుసేబియా లేచి, అందులో తెరెరే పానీయం కోసం ఆకు వేసి, నీళ్ళు పోసి, మొదట ఆయనకి, తర్వాత నీమియాకి అందించడం మొదలుపెట్టింది. వాళ్ళిద్దరూ చూడకుండానే చెయ్యి చాచి అందుకున్నారు.

"ఎలా ఉంది మన సాక్షి?" అన్నాడాయన, ఆమె గదిలో లేనట్టు.

"మద్రీనా దగ్గరే ఆగిపోతోంది, డాక్టర్."

"ఆ మాట పోవాలి నీమియా. ఆ ఒక్క మాట చాలు బరేయిరోకి, మన పీక కోయడానికి." బరేయిరో ఎదుటి పక్షం లాయరు. "ఈ కేసు గెలిస్తే, రేపు ఈ దేశంలో ఏ ఇంట్లోనూ 'పెంచుకుంటున్నాం' అని చెప్పి పసిపిల్ల చేత అంట్లు తోమించుకోవడం కుదరదు. ఓడితే, ఆ అబద్ధం మీద కోర్టు ముద్ర పడుతుంది. ముందే మూసుకుని ఉన్న తలుపుకి మనమే తాళం వేసినట్టు."

"తెలుసు."

"ఇంకొకటి. జవాబు నీకు ముందే తెలియని ప్రశ్న కోర్టులో అడక్కు. ఎంత మంచి ప్రశ్నైనా సరే."

ఆయన మళ్ళీ చెయ్యి చాచాడు. గ్లాసు అందింది.

సాయంత్రం వెళ్ళేటప్పుడు నీమియా ఫైళ్ళు సర్దింది. అవి ఎప్పుడు ఎవుసేబియా చేతుల్లోకి వెళ్ళాయో ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. మెట్లు దిగి, బస్సెక్కి, ఇంటి గేటు దాకా ఆమే మోసింది.

మర్నాడు కోర్టు గేటు దగ్గర పొడుగాటి వరస. లాయర్లకి వేరే దారి. నీమియా తన ఫైళ్ళు ఎవుసేబియా దగ్గర నుంచి తీసుకుని అటు వెళ్ళింది. ఎవుసేబియా గుడ్డసంచీలో నారింజలు ఒలుచుకునే చాకు ఉంది. కాపలావాడు దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి చూపించాడు.

"ఇదేంటమ్మా? జడ్జిగారిని ఒలుద్దామనా?"

"నారింజకి, బాబూ."

"నారింజ బయట తిను. పోయేటప్పుడు పట్టుకుపో." సంచీ మొత్తం అలమారలో పడేసి, ఒక ప్లాస్టిక్ బిళ్ళ ఇచ్చాడు.

ఎవుసేబియా ఆ బిళ్ళని గౌను జేబులో వేసుకుని లోపలికి వచ్చింది. చేతులు రెండూ పక్కన వేలాడుతుంటే, అవి తనవి కానట్టు నడిచింది.

కోర్టు గది ఇరుకు. జడ్జి అప్పటికే వచ్చి ఉంది. జలుబుతో బాధపడుతున్న నడివయసు మనిషి, ముక్కు తుడుచుకుంటూ కాగితాలు తిరగేస్తోంది. టైపు చేసే గుమాస్తా ఫ్యాను తన వైపు తిప్పుకున్నాడు. నీమియా, ఇసాసి, ఎవుసేబియా ఒకవైపు కూర్చున్నారు. ఎదుటి కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

తలుపు తెరుచుకుంది. బరేయిరో మోచెయ్యి పట్టుకుని దోన్యా పెర్లా వచ్చింది. బాగా తగ్గిపోయింది మనిషి. నీలం గౌను, ముత్యాల పోగులు, మణికట్టుకి తగిలించుకున్న తోలు చేతిసంచీ. ఆ గౌనుకి ఇస్త్రీ సరిగ్గా లేదు. ఎవుసేబియా కళ్ళు మొదట అక్కడికే పోయాయి.

తర్వాత జరిగింది నీమియా ఆపలేకపోయింది. ఆపాలన్న ఆలోచన వచ్చేలోగానే అయిపోయింది.

ఎవుసేబియా లేచి నిలబడింది. రెండు అరచేతులూ గుండె దగ్గర జోడించింది. తల వంచింది.

"తుపానోయ్, మద్రీనా."

ఆ దేశంలో ప్రతి బిడ్డా పొద్దున్నే లేచి తల్లి ముందు నిలబడి అనే మాట అది. దీవించమ్మా అని. దోన్యా పెర్లా కూడా ఆలోచించలేదు. కుడిచెయ్యి దానంతటదే పైకి లేచి గాల్లో సిలువ గీసింది.

"దేవుడు చల్లగా చూస్తాడు, తల్లీ."

గుమాస్తా నోరు తెరుచుకుని చూస్తున్నాడు. జడ్జి చేతిరుమాలు ముక్కు దగ్గరే ఆగిపోయింది. బరేయిరో ముసలావిడని కూర్చోబెట్టి, కోటు గుండీ పెట్టుకుని, తొందరేమీ లేనట్టు తిరిగాడు.

"జడ్జిగారూ, నేను చాలా కాగితాలు తెచ్చాను. ఇప్పుడవన్నీ దండగనిపిస్తోంది. పొద్దున్నే మన ఇంట్లో మనమంతా మన అమ్మ ముందు జోడించిన చేతులే ఇవి. మీరూ జోడించి ఉంటారు, నేనూ జోడించాను. పనిమనిషి యజమానురాలికి గుడ్ మార్నింగ్ చెబుతుంది. దీవెన అడగదు. ఇప్పుడు మనం చూసింది చూసినట్టు రికార్డులో రాయించమని కోరుతున్నాను."

జడ్జి నీమియా వైపు చూసింది. నీమియా ఎదుట ఉన్న కాగితం తిప్పింది.

"రాయండి," అంది జడ్జి.

గుమాస్తా వేళ్ళు టకటకలాడాయి. వాది చేతులు జోడించి ప్రతివాదిని దీవెన అడిగెను. ప్రతివాది దీవించెను.

తర్వాత పూటంతా కాగితాలు చదవడంతోనే గడిచింది. సాక్ష్యం రేపు తీసుకుంటానని జడ్జి లేచిపోయింది.

వరండా చివర ఇసాసి నీమియాని పక్కకి పిలిచాడు. కోపంగా లేడు. అది చూసే ఆమెకి భయం వేసింది.

"విరమించుకుందాం," అన్నాడు. "రేపు పొద్దున్నే అర్జీ ఇచ్చెయ్. తీర్పు రాకముందే బయటపడాలి. ఈ రికార్డుతో తీర్పు వస్తే, ఇంకో ఇరవయ్యేళ్ళు ప్రతి బరేయిరో దాన్నే చదువుతాడు."

"విరమిస్తే ఆమె మళ్ళీ వెయ్యడానికి గడువుండదు, డాక్టర్. అయిపోయినట్టే."

"తెలుసు."

"మరి ఆమె?"

ఇసాసి కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచాడు. "ఆమె మంచి మనిషి. కాని ఈ కేసు ఆమె ఒక్కదానిది కాదమ్మా. ఇంకొకళ్ళు దొరుకుతారు. ముసలావిడ కనిపించగానే తల వంగని మనిషి."

"అలాంటి మనిషిని ఆ ఇళ్ళల్లో ఎవరు ఉంచుకుంటారు?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "అర్జీ టైపు చేయించు. సంతకం పెట్టించు," అని మాత్రం అన్నాడు.

వరండా ఆ చివర ఎవుసేబియా గోడకి ఆనకుండా నిలబడి వాళ్ళ వైపే చూస్తోంది.

అర్జీ ఒక్క పేజీ. నీమియా దాన్ని సంచీలో పెట్టుకుని ఇంటికి వచ్చేసరికి పెరట్లో మట్టిపొయ్యి రాజుకుంటోంది. తల్లి న్యా దోమింగా దుంపపిండిలో జున్ను కలుపుతోంది. ఎవుసేబియా పక్కనే కూర్చుని ఆ పిండిని ఉండలు చేసి, వేలితో ఒత్తి, అరటాకు ముక్కల మీద పేరుస్తోంది. ఒక్క ఉండ కూడా రెండో దానికంటే పెద్దది కాదు.

"వచ్చిందండీ న్యాయదేవత," అంది తల్లి. "మొహం చూడు, కోడిని బస్సు తొక్కేసినట్టు. మా అన్నకూతురు నోటరీ ఆఫీసులో ముద్రలు కొట్టుకుంటూ కారు కొనుక్కుంది. నువ్వు కొట్టిన ముద్ర ఒక్కటి చూపించవే."

"అమ్మా, ఇవ్వాళ వద్దు."

"ఇవ్వాళ వద్దంటే రేపు రెండింతలు అంటాను. కూర్చో. తిను."

నీమియా కూర్చోలేదు. ఎవుసేబియా ఎదుట నిలబడింది. అర్జీ తియ్యాలనుకుంది. దాని బదులు మరో మాట వచ్చింది.

"ఎందుకలా చేశారు? అన్ని రోజులు చెప్పానే. ఆవిడ వైపు చూడొద్దన్నాను. పలకరించొద్దన్నాను. ఎందుకు జోడించారు చేతులు?"

ఎవుసేబియా తన చేతుల వైపు చూసుకుంది. వాటికి పిండి అంటుకుని ఉంది. నిజమైన జవాబు కోసం వెతుకుతున్నట్టు ఒక్కొక్క వేలూ దులుపుకుంది.

"ఖాళీగా ఉన్నాయి కదా, డాక్టోరా," అంది చివరికి.

"ఖాళీగా ఉంటే జేబులో పెట్టుకోవాల్సింది!"

పిండి కలిపే చెయ్యి ఆగింది. "ఏమేవ్," అంది న్యా దోమింగా మెల్లగా. "నా పెరట్లో, నా పొయ్యి దగ్గర, నీకంటే పెద్దదాని మీద ఆ గొంతేంటి? లాయరు చదువులో అదీ ఒక పాఠమా? దోన్యా పెర్లా కూడా ఆ గొంతుతోనే మాట్లాడి ఉంటుంది."

"లేదు న్యా దోమింగా," అంది ఎవుసేబియా కంగారుగా. "మద్రీనా ఎప్పుడూ గొంతు పెంచేది కాదు. గంట కొట్టేది, అంతే."

నీమియా లోపలికి వెళ్ళి మంచం మీద కూర్చుంది. సంచీలోంచి అర్జీ తీసి, మళ్ళీ లోపల పెట్టింది. బయట తల్లీ ఎవుసేబియా ఏదో చెప్పుకుని నవ్వుకోవడం వినిపించింది. సంతకం పొద్దున్నే పెట్టిద్దాంలే అనుకుంది. అది దయ కాదని, పిరికితనమని ఆమెకి తెలుసు.

తెల్లారి తల్లి పొయ్యిలోంచి రొట్టెలు తీస్తోంది. నీమియా భుజాన సంచీ, చంకలో ఫైళ్ళతో గడప దగ్గర ఆగి, రోజూ అన్నట్టే అంది.

"తుపానోయ్, అమ్మా."

"ముందు ఆ మూటలన్నీ కింద పెట్టు," అంది తల్లి వెనక్కి తిరగకుండానే. "బళ్ళోకి పోయేటప్పుడూ ఇంతే, పలకల సంచీ వేలాడేసుకుని దీవించమనేది. నేను దీవిస్తే సంచీకి తగలాలా? చేతులేవీ? రెండూ కనపడాలి."

నీమియా సంచీ దించింది. ఫైళ్ళు అరుగు మీద పెట్టింది. అరచేతులు జోడించింది. తల్లి మసిచెయ్యి గాల్లో సిలువ గీసి, ఆమె నెత్తి మీద ఒకసారి ఆనింది. "పో. బుద్ధిగా మాట్లాడు. దేవుడు నీకు గెలుపు ఇవ్వకపోయినా సిగ్గు ఇస్తే చాలు."

నీమియా చేతులు విడదియ్యలేదు. జోడించినవి జోడించినట్టే ఉంచుకుని పక్కకి చూసింది. ఎవుసేబియా వేడి రొట్టెల పళ్ళెం రెండు చేతులా పట్టుకుని, దారి ఇస్తారేమోనని ఓపిగ్గా నిలబడి ఉంది.

ఖాళీగా ఉన్నాయి కదా, డాక్టోరా.

నీమియా నోరు తెరిచింది. ఒక్క ప్రశ్న. అడిగితే ఇక్కడే తేలిపోతుంది. కాని అడగలేదు. ఇన్నాళ్ళూ ఈ మనిషికి మాటలు నేర్పుతూనే ఉంది. ఇప్పుడు అడిగితే ఈ జవాబు కూడా నేర్పిన మాటలాగే వస్తుంది. బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. ఎవుసేబియా ఒళ్ళో ఫైళ్ళు. దారి పొడుగునా ఆ ప్రశ్న నీమియా నాలిక కింద ఉడుకుతూనే ఉంది.

కోర్టు గది బయట ఇసాసి చెయ్యి చాచాడు. "అర్జీ ఏది?"

"సంతకం పెట్టించలేదు."

"నీమియా."

"ఒక్క ప్రశ్న అడుగుతాను, డాక్టర్. తర్వాత మీరేం చెబితే అది."

"జవాబు తెలుసా నీకు?"

"తెలీదు."

ఆయన ఆమె వైపు చూశాడు. ఇన్నేళ్ళలో తను ఓడిన కేసులన్నీ ఆ చూపులో ఉన్నాయి. తర్వాత తలుపు తీసి పట్టుకుని, పక్కకి తప్పుకున్నాడు.

ఎవుసేబియాని సాక్షి కుర్చీలో కూర్చోబెట్టారు. ఎప్పటిలాగే అంచున కూర్చుంది. ఎదురుగా దోన్యా పెర్లా, నిన్నటి నీలం గౌనులోనే ఉంది. నీమియా రాసుకొచ్చిన ప్రశ్నల కాగితం బోర్లా పెట్టింది.

"న్యా ఎవుసేబియా, ఆవిడని మీరేమని పిలుస్తారు?"

ఎవుసేబియా బెదిరిపోయింది. పెదాలు కదిలాయి. "య... యజమానురాలు."

"కాదు. మీకు అలవాటైన పేరు చెప్పండి."

"మద్రీనా," అంది, ఊపిరి వదిలినట్టు.

బరేయిరో నవ్వుతూ కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఇసాసి కుర్చీ కిర్రుమంది.

"నిన్న మీరు మద్రీనాని దీవెన అడిగారు. ఆ ఇంట్లో ఉన్నప్పుడు కూడా అడిగేవారా?"

"రోజూ అడిగేదాన్ని. పొద్దున్నొకసారి, పడుకునే ముందొకసారి."

"చాలా సంతోషం," అన్నాడు బరేయిరో గట్టిగానే. జడ్జి చెయ్యెత్తి ఆపింది.

నీమియా బల్ల దాటి ముందుకి వచ్చింది. "పొద్దున్నే ఎలా అడిగేవారో ఒకసారి చూపిస్తారా?"

ఎవుసేబియా లేచింది. రెండడుగులు వెనక్కి వేసింది, గదికి తలుపు ఎక్కడుందో గుర్తు తెచ్చుకుంటున్నట్టు. భుజంతో ఏదో నెట్టింది. తర్వాత మోచేతులు నడుముకి ఆనించి, రెండు చేతులూ ముందుకి చాచి, పిడికిళ్ళు ఒకదానికొకటి దూరంగా బిగించింది. ఒలికిపోతుందేమోనన్నట్టు వాటి మీదే చూపు ఉంచి, మెడ మాత్రం వంచింది.

"తుపానోయ్, మద్రీనా."

ఆ భంగిమలోనే నిలబడిపోయింది. వేళ్ళు ఏమీ లేని దాన్ని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

జడ్జి ముందుకి వంగింది. "అదేంటమ్మా? నిన్న అలా కాదే. చేతులు జోడించావు కదా."

"నిన్న చేతుల్లో ఏమీ లేదండి. గేటు దగ్గర సంచీ తీసేసుకున్నారు."

"మరి ఇంట్లో?"

"ఇంట్లో పళ్ళెం ఉండేది. పొద్దున్న కొసీదో, రొట్టె. పడుకునేటప్పుడైతే మాత్రలూ నీళ్ళూ."

"పళ్ళెం కింద పెట్టి అడగొచ్చు కదా," అంది నీమియా. తన గొంతు తనకే వేరేగా వినిపించింది.

"ఎక్కడ పెడతాను డాక్టోరా? పక్కబల్ల నిండా మందు సీసాలు. అబ్బాయిలిద్దరూ పక్క మీద కూర్చుని అడిగేవాళ్ళు, చేతులు జోడించి. ముద్దుగా ఉండేది చూడ్డానికి." ఆమె కాస్త నవ్వింది. "నేనూ అలా అడుగుదామని ఉండేది. నిన్న కుదిరింది."

గుమాస్తా టైపు చెయ్యడం మరిచిపోయాడు. బరేయిరో లేచాడు. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది కాని కళ్ళల్లో లేదు.

"జడ్జిగారూ, పళ్ళెం ఏ కూతురైనా పట్టుకుంటుంది. తల్లికి కాఫీ ఇవ్వడం పనా? అది ప్రేమ. అది సాయం. మేము మొదటి నుంచీ చెబుతున్నది ఇదే, ఆ ఇంట్లో పని అన్న మాటే లేదు..."

"ఇదేం చోద్యం!" అంది దోన్యా పెర్లా.

అందరూ అటు తిరిగారు. ముసలావిడ కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఎంతోసేపటి నుంచి పిల్లలు అడ్డదిడ్డంగా మాట్లాడుతుంటే ఓర్చుకుని, ఇక లాభం లేదని కలగజేసుకున్న పెద్దమనిషిలా ఉంది.

"పళ్ళెం కింద పెట్టి చేతులు జోడించుకు నిలబడితే పని ఎవరు చేస్తారు?"

బరేయిరో చెయ్యి ఆమె భుజం మీద పడింది. "దోన్యా పెర్లా, దయచేసి..."

"ఏమన్నారమ్మా?" అంది జడ్జి మెల్లగా.

తన మాట వినిపించలేదనుకుంది ముసలావిడ. గొంతు పెంచి, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. "పని ఎవరు చేస్తారంటున్నాను! అబ్బాయిలు బడికి పోవాలి. వాళ్ళకి తీరికుంది, జోడిస్తారు. దీనికెక్కడిది తీరిక? ఇంకా వాకిలి కడగాలి, బట్టలు నానబెట్టాలి."

బరేయిరో కూర్చుని, తన ఎదుట ఉన్న కాగితాల వైపు చూడసాగాడు.

"రాయండి," అంది జడ్జి. నిన్న అన్నట్టే అంది.

గుమాస్తా వేళ్ళు టకటకలాడాయి. ఎవుసేబియా ఇంకా చేతులు చాచే నిలబడి ఉంది, ఎవరూ దించమనలేదని. నీమియా వెళ్ళి ఆమె మణికట్లు రెండూ పట్టుకుని కిందకి దించింది.

తీర్పు కొన్ని వారాల తర్వాత చెబుతానంది జడ్జి. ఇసాసి వరండాలో అటూ ఇటూ నడుస్తున్నాడు. నీమియా దగ్గర ఒకసారి ఆగి, "ఆ అర్జీ చింపెయ్," అని మాత్రం అని, మళ్ళీ నడక మొదలుపెట్టాడు.

నీమియా ఫైళ్ళు సర్దింది. సర్ది, పక్కకి చాచింది. ఎవుసేబియా చెయ్యి అప్పటికే వచ్చి ఉంది. ఆ చెయ్యిని చూసి నీమియా ఆగిపోయింది. ఫైళ్ళు వెనక్కి తీసుకుని చంకలో పెట్టుకుంది.

"నేను మోస్తానులెండి."

"బరువు కదా, డాక్టోరా."

"అవును, బరువే."

ఎవుసేబియాకి చేతులు ఏం చేసుకోవాలో తెలియలేదు. గౌను సర్దుకుంది. గేటు బిళ్ళ జేబులో ఉందో లేదో తడుముకుంది. తర్వాత వరండా చివరికి చూసింది. దోన్యా పెర్లా ఒక్కతే బల్ల మీద కూర్చుని ఉంది. బరేయిరో కారు కోసమని కిందకి వెళ్ళాడు. ఆవిడ గౌను కుచ్చిళ్ళు ఒంటి కింద నలిగిపోయి ఉన్నాయి.

ఎవుసేబియా అటు నడిచింది. నీమియా ఆపుదామని ఒక అడుగు వేసి, ఆగింది.

ముసలావిడ తలెత్తింది. ఎవుసేబియా ఆమె ఎదుట నిలబడి, అరచేతులు రెండూ గుండె దగ్గర జోడించింది.

"తుపానోయ్, మద్రీనా."

దోన్యా పెర్లా ఆమెని కింద నుంచి పై దాకా చూసింది. లోపల జరిగింది ఆవిడకి ఎంత అర్థమైందో ముఖంలో తెలియలేదు. కిందెక్కడో కారు హారన్ మోగింది. ముసలావిడ బల్ల పట్టుకుని లేచింది. ఆ ఇంట్లో లక్షసార్లు చేసినట్టే, చూడకుండానే, మణికట్టు నుంచి చేతిసంచీ తీసి ముందుకి చాచింది.

"ఇది పట్టుకో. కారు దాకా."

సంచీ గాల్లో వేలాడింది. తోలు పట్టీ అటూ ఇటూ ఊగి, ఎవుసేబియా జోడించిన వేళ్ళకి తగిలింది. ఆ వేళ్ళు విడిపోతాయని నీమియా ఎదురుచూసింది.

విడిపోలేదు.

"చేతులు ఖాళీ లేవు, మద్రీనా," అంది ఎవుసేబియా. తల వంచి, దీవెన కోసం అలాగే నిలబడింది.